ఇంట్లో లాంగ్ టర్మ్: ఏడాదంతా చదువు మీద మనసు నిలబెట్టుకోవడం ఎలా

ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌లో సీటు రాలేదు. హాస్టల్‌కి మళ్లీ లక్షలు కట్టే స్తోమత ఇంట్లో లేదు, లేదా ఆ నాలుగు గోడల మధ్యకి ఇంకోసారి వెళ్లే ఓపిక మీకు లేదు. ఇంట్లోనే ఉండి ఇంకో ఏడాది చదువుతానని అమ్మానాన్నలను ఒప్పించారు. ఇలా ఇంకో ఏడాది చదవడాన్నే లాంగ్ టర్మ్ అంటారు. అలా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. ఈఏపీసెట్‌కో జేఈఈకో ఇంటి దగ్గరే చదివేవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది, అంకెలు మాత్రం మారతాయి.

ఇంట్లో చదివేవాళ్లకు పాఠాల కొరత లేదు. యూట్యూబ్ నిండా క్లాసులే, పుస్తకాలు సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతాయి. దొరకనిది హాస్టల్ గంట. తెల్లారకముందే తలుపు కొట్టే వార్డెన్, స్టడీ అవర్‌లో వెనక నిలబడే సార్, వారం తిరిగేసరికి గోడకెక్కే మార్కుల లిస్టు. వాళ్లను ఎంత తిట్టుకున్నా, మూడ్ లేని రోజున మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టింది వాళ్లే. ఇంట్లో ఆ పని మీ మీదే పడుతుంది. చాలామంది దీన్ని పట్టుదలకు సంబంధించిన విషయం అనుకుని, పట్టుదల తగ్గిన ప్రతి పూటా తమను తాము తిట్టుకుంటూ ఉంటారు. నన్నడిగితే ఇది ఏర్పాట్లకు సంబంధించిన విషయం. చదవాలనిపించే దాకా ఆగితే దసరా వెళ్లిపోతుంది. అనిపించకపోయినా మొదలయ్యేలా రోజును అమర్చుకుంటే, మొదలైన పావుగంటకో అరగంటకో ఆసక్తి తనంతట తనే వస్తుంది.

మొదటి వారం: పోయిన పరీక్షతో ఒకసారి తేల్చుకోండి

కొత్త నోట్స్, కొత్త పెన్నులు, గోడ మీద కొత్త టైమ్‌టేబుల్. మొదటి వారం సాధారణంగా వీటికే పోతుంది. వాటికంటే ముందు పోయినసారి మీ ఓఎంఆర్ (జవాబుల బబుల్స్ నింపిన షీటు) కాపీ, ఫైనల్ కీ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. కష్టంగానే ఉంటుంది, ఒక్క పూట పని.

లెక్క ఇలా వేయండి. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. మీరు 17 సరిగ్గా పెట్టి, 23 తప్పు పెట్టి, 5 వదిలేశారనుకుందాం. 68లోంచి 23 పోతే మిగిలింది 45 మార్కులు. ఇప్పుడు ఆ 23 తప్పుల్లో పదింటిని మాత్రం సరిచేసుకుని, మిగతా పదమూడింటిని ముట్టుకోకుండా వదిలేశారనుకోండి. 27 నాలుగులు 108. ఫిజిక్స్ అంతా కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, పది ప్రశ్నలు నేర్చుకుని పదమూడు చోట్ల చెయ్యి ఆపుకుంటే 63 మార్కులు పెరిగాయి. ఈ లెక్క కాగితం మీద కళ్లారా చూసినవాళ్లకు ఏడాది మొదట్లోనే ఒక ధైర్యం వస్తుంది. ఏ మోటివేషన్ వీడియో చూసినా అలాంటి ధైర్యం రాదు, ఎందుకంటే ఆ వీడియో తీసినవాళ్లకు మీ ఓఎంఆర్ తెలియదు.

తర్వాత లక్ష్యం సంగతి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ ఫొటోనో ఉస్మానియా ఫొటోనో గోడకి అతికించుకోవాలనుకుంటే అతికించుకోండి, తప్పేం లేదు. కాకపోతే మంగళవారం పొద్దున ఏ చాప్టర్ తెరవాలో ఆ ఫొటో చెప్పదు. రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ జరిపేది తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. పోయినేడాది సీట్ల కేటాయింపు జాబితాలు తీసి, మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో చూడండి. మార్కులు కాదు, ర్యాంకే చూడండి. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 720కి 720 తెచ్చుకున్నవాళ్లు 17 మంది. 2025లో ఫిజిక్స్ పేపర్ చుక్కలు చూపించింది, ఆలిండియా ఫస్ట్ ర్యాంకుకి వచ్చింది 686. పక్కింటి అక్కకు ఫలానా ఏడాదిలో వచ్చిన మార్కులతో మీ మార్కులు పోల్చుకుని దిగులుపడటంలో అర్థం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పొద్దున మొదటి పది నిమిషాలు

పదహారు గంటల టైమ్‌టేబుల్ వేయకండి. మూడో రోజు అది తప్పుతుంది, నాలుగో రోజు దాన్ని చూడాలంటేనే సిగ్గేస్తుంది, ఐదో రోజు కొత్తది గీస్తారు. టైమ్‌టేబుళ్లు గీయడంలోనే జులై గడిచిపోతుంది.

దాని బదులు ఒక్క టైమ్ మాత్రం కదలకుండా పెట్టుకోండి: పొద్దున కుర్చీలో కూర్చునే టైమ్. ఆరు కావచ్చు, ఏడు కావచ్చు, మీ ఇంటి పద్ధతిని బట్టి పెట్టుకోండి. నాలుగింటికి లేస్తేనే చదువు అని ఎవరో అన్నారని, రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగింటికి అలారం పెట్టకండి. పొద్దంతా ఆవలిస్తూ కూర్చుంటారు.

ఆ టైమ్‌కి ఏం చేయాలో ముందు రోజు రాత్రే రాసి పెట్టాలి. 'రేపు ఫిజిక్స్' అని రాస్తే లాభం లేదు. పొద్దున లేచాక ఫిజిక్స్ అంటే ఏ చాప్టరు, ఏ పుస్తకం, థియరీనా లెక్కలా అని ఆలోచించడంలోనే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. 'రొటేషనల్ మోషన్, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా లెక్కలు, 12 నుంచి 26 దాకా' అని రాయండి. ఆ పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి, పెన్ను పెట్టి, అప్పుడు పడుకోండి. పొద్దున మీరు తీసుకోవాల్సిన నిర్ణయం ఏదీ మిగలకూడదు. కూర్చుని పన్నెండో లెక్క చదవడమే.

లెక్కలు రావడం లేదని భయంగా ఉంటే మొదటి పది నిమిషాలు నిన్న చేసినవే రెండు మళ్లీ చేయండి. ఆన్సర్ తెలిసిన లెక్కతో మొదలుపెట్టినా పర్వాలేదు. చెయ్యి కదలడం ముఖ్యం.

కూర్చునే చోటు గురించి ఒక మాట. హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ, ఒకటే గది ఉన్న ఇల్లు, ఇవన్నీ మామూలే. అందరికీ స్టడీ రూమ్ ఉండదు. మేడ మీద నీడ ఉండే మూల, పక్కింటివాళ్ల ఖాళీ గది, ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే అది. గ్రంథాలయం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికో, మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికో వెళ్లి చూడండి. గ్రూప్స్‌కీ పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు క్యారేజీ తెచ్చుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారు. వాళ్ల సిలబస్ వేరు, మీది వేరు, ఎవరూ మిమ్మల్ని పట్టించుకోరు. అయినా చుట్టూ అందరూ తల వంచుకుని చదువుతుంటే మీరొక్కరే రీల్స్ చూడలేరు.

గంటలు లెక్కపెట్టకండి

'ఇవాళ పది గంటలు చదివాను' అనే మాటలో ఎంత చదివారో తెలియదు. గంటలు లెక్కపెట్టేవాళ్లు కుర్చీలో కూర్చున్న టైమ్‌నే చదువు అనుకుంటారు, చివరికి ఏమీ గుర్తులేదని ఏడుస్తారు. ప్రశ్నలు లెక్కపెట్టండి. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ తీసుకుని రోజుకో పేజీ కేటాయించండి: ఇవాళ ఏ టాపిక్, ఎన్ని ప్రశ్నలు చేశాను, ఎన్ని తప్పాయి, ఏది అర్థం కాలేదు. అంతే, డైరీలా రాయనక్కర్లేదు.

దీంతోపాటు గోడకి ఒక చార్టు. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో పదకొండు, పన్నెండు తరగతులు కలిపితే 32 చాప్టర్లు. ఒక్కో చాప్టరుకి నాలుగు గడులు గీయండి: చదివాను, ప్రశ్నలు చేశాను, మళ్లీ చదివాను, మళ్లీ ప్రశ్నలు చేశాను. 360 మార్కులు, అంటే పేపర్లో సగం, ఆ 32 చాప్టర్ల మీదే నడుస్తుంది. గడి నిండినప్పుడల్లా స్కెచ్ పెన్నుతో రంగు వేయండి. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ, సెప్టెంబర్‌లో 'నేను ఈ మూడు నెలలు ఏం చేశానసలు?' అని కడుపులో తిప్పినట్టయినప్పుడు ఆ గోడే జవాబు చెబుతుంది. చదువు మీద విసుగు రావడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. చేస్తున్న పని ఎటు పోతోందో కనిపించకపోవడం అంతకంటే పెద్ద కారణం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ పదాల దగ్గర ఆగిపోయి ధైర్యం పోగొట్టుకుంటారు. మీరు పేపర్ తెలుగులో ఎంచుకుంటే ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రెండింట్లో ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పెట్టుకుని, చాప్టరుకి ఇరవై ముప్పై పదాలు రెండు భాషల్లో రాసుకుంటూ పోతే సంక్రాంతి నాటికి ఈ భయం ఉండదు.

రెండింటి నుంచి ఐదింటి దాకా

నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలై ఐదింటికి అయిపోతుంది. మన ఇళ్లలో పప్పన్నం, పెరుగన్నం తిని ఫ్యాన్ కింద నడుం వాల్చే టైమ్ అదే. ఏడాదంతా ఆ టైమ్‌లో కునుకు తీసినవాళ్ల ఒంటికి మే నెల మొదట్లో, నలభై డిగ్రీల ఎండలో, హఠాత్తుగా మెలకువగా ఉండమంటే ఎలా కుదురుతుంది? అందుకే గ్రాండ్ టెస్ట్ (మొత్తం సిలబస్ మీద మోడల్ పరీక్ష) ఎప్పుడు రాసినా రెండింటికే మొదలుపెట్టండి. పదకొండున్నరకి తేలిగ్గా తినేయండి. ఓఎంఆర్ షీట్లు ప్రింట్ తీయించుకుని పెన్నుతోనే బబ్లింగ్ చేయండి, ఫోన్‌లో రాసిన టెస్టు లెక్కలోకి రాదు. పాత మోడల్ పేపర్లు వాడేటప్పుడు ఒకటి చూసుకోండి: 2022 నుంచి 2024 దాకా 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, 200 నిమిషాలు ఉండేవి. 2025లో అది 180 ప్రశ్నలు, 180 నిమిషాలు అయింది. అంటే ప్రశ్నకో నిమిషం, బబ్లింగ్ కూడా అందులోనే.

ఇక అసలు సంగతి: టెస్టులో మార్కులు తగ్గిన సాయంత్రం. ఇంట్లో చదివేవాళ్లలో ఎక్కువమంది జారిపోయేది అక్కడే. 480 వస్తుందనుకున్నచోట 410 వస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు, వచ్చే ఆదివారం టెస్టు ఏదో సాకుతో వాయిదా పడుతుంది. ఒకటి రెండు వాయిదాలయ్యాక ఇక టెస్టులే ఉండవు.

దీనికి నేను చెప్పేది ఒకటే పద్ధతి. మార్కులు చూసిన రోజున విశ్లేషణ చేయకండి, బయట తిరిగి రండి. మర్నాడు పొద్దున, కొత్త పాఠం ఏదీ తెరవకముందు, తప్పులను మూడు కుప్పలు పోయండి. అసలు తెలియనివి. తెలిసీ తప్పినవి, అంటే లెక్క తప్పు, 'కానిది ఏది' అన్న మాట చూసుకోకపోవడం, బబుల్ మారడం. మూడోది గుడ్డిగా పెట్టినవి. పోయిన 310 మార్కుల్లో రెండో కుప్పది ఎంతో చూడండి. చాలామందికి అది నలభై యాభైకి తక్కువ ఉండదు. 'నాకు రాదు' అనుకున్నదాంట్లో కొంత భాగం మీకు వచ్చినదే అని తెలిస్తే సోమవారం వేరేగా మొదలవుతుంది.

మూడో కుప్పకి కూడా లెక్కుంది. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే, సగటున ఒకటి తగిలి నాలుగు వస్తాయి, మూడు తప్పి మూడు పోతాయి. మిగిలేది ఒక్క మార్కు, అదీ అదృష్టం బాగుంటేనే. రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని తీసేయగలిగితే అవే నాలుగు ప్రశ్నల్లో సగటున రెండు తగులుతాయి, ఆరు మార్కులు మిగులుతాయి. ఎక్కడ తెగించాలో ఎక్కడ వదలాలో ఇలా ముందే తేల్చుకుంటే టెస్టంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

తెలిసీ తప్పిన ప్రశ్నలన్నీ ఒక ఎర్రర్ బుక్‌లో రాయండి, ప్రశ్న మొత్తం కాకపోయినా ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం. ఏప్రిల్‌లో మీ దగ్గరున్న అన్ని మెటీరియల్స్ కంటే విలువైనది అదే అవుతుంది.

ఫోన్

క్లాసులు ఫోన్‌లోనే వినాలి కాబట్టి పారేయమని చెప్పలేను. రాత్రి భోజనానికి ముందే రేపు వినాల్సిన క్లాసులు డౌన్‌లోడ్ చేసి, పొద్దున డేటా ఆపేసి వాడండి. సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత కీప్యాడ్ ఫోన్‌లో వేస్తే ఇంకా మంచిది. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు పోగేసే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. నలభై రకాల మెటీరియల్ ఉన్నవాళ్లకు ఏదీ పూర్తిచేయలేదన్న బెంగ తప్ప ఇంకేం మిగలదు. టాపర్ల ఇంటర్వ్యూలు, 'ఇలా చదివితే 700' వీడియోలు చూస్తే చదివినంత తృప్తి వచ్చేస్తుంది, వాటితో వచ్చే చిక్కే అది.

మీతో చదివి ఎంబీబీఎస్‌లో చేరిన ఫ్రెండ్ తెల్ల కోటు ఫొటోలు పెడుతుంటే మ్యూట్ చేయండి. అసూయ కాదు ఇది, ఒక ఏడాది పాటు అవసరం.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం

ఒక ఆదివారం అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి మాట్లాడండి. వాళ్లు గంటకోసారి 'చదువుతున్నావా?' అని అడిగేది మీమీద నమ్మకం లేక కాదు, ఏం జరుగుతోందో వాళ్లకి తెలియక. ప్రతి ఆదివారం రాత్రి నా నోట్‌బుక్, టెస్ట్ మార్కులు నేనే చూపిస్తాను, మధ్యలో అడగొద్దు అని చెప్పండి. చెప్పినట్టే చూపించండి, తగ్గిన వారం కూడా. మూడు నాలుగు వారాలు అలా చూపిస్తే అడగడం వాళ్లంతట వాళ్లే మానేస్తారు. పైగా ఆదివారం ఒకరికి చూపించాలి అన్న ఆలోచన బుధవారం మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడుతుంది.

అమ్మాయిలకు ఇంకో బెడద. ఇంట్లోనే ఉంటోంది కదా అని అంట్లు, తమ్ముడి క్యారేజీ, వచ్చినవాళ్లకి టీ, అన్నీ మీదికి వస్తాయి. అసలు చేయనంటే గొడవ, అన్నీ చేస్తే చదువు పోతుంది. పనికి టైమ్ కేటాయించి చెప్పేయండి: సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఏ పని చెప్పినా చేస్తాను, మిగతా టైమ్‌లో నేను కాలేజీకి వెళ్లాననుకోండి అని. అబ్బాయిలున్న ఇళ్లలో ఈ మాట నాన్నకి చెప్పాల్సిన అవసరమే రాకపోవడం వేరే సంగతి.

చుట్టాల ప్రశ్నలకు జవాబు ఒకటి తయారుగా ఉంచుకోండి. 'ఇంకా ఖాళీగానే ఉన్నావా అమ్మా?' అని పెద్దమ్మ అడిగితే, 'మే నెలలో పరీక్ష పెద్దమ్మా, రాసొచ్చి చెప్తా' అని నవ్వేసి లేచిపోవడమే. వాదించకండి, ఆ మాటలు రాత్రి పుస్తకం ముందు కూర్చున్నాక కూడా చెవిలో మోగుతాయి. సంక్రాంతికి మూడు రోజులు పండగ చేసుకోండి, తప్పేం కాదు. పండగ ముందు రాత్రే కనుమ మర్నాడు పొద్దున ఏ పేజీ తెరవాలో రాసి పెట్టుకోండి చాలు.

నవంబర్, డిసెంబర్

మొదటి రౌండ్ సిలబస్ అయిపోతుంటుంది, ముందు చదివినవి మర్చిపోయినట్టు ఉంటుంది, పరీక్ష ఇంకా దూరం. ఏడాది మొత్తంలో బరువైన కాలం ఇదే. ఇది అందరికీ వస్తుంది, మీలో లోపం కాదు. ఈ నెలల్లో కొత్త చాప్టర్లు తగ్గించి, మర్చిపోయిన చాప్టర్లలో ప్రశ్నలే పెంచండి. అస్సలు మనసు లేని రోజున ఐదంటే ఐదు ప్రశ్నలు చేసి లేవచ్చని పెట్టుకోండి. ఐదూ అయ్యాక నిజంగానే లేవాలనిపిస్తే లేవండి. సున్నా మాత్రం పెట్టకండి, ఎందుకంటే సున్నా మర్నాటికి కూడా వస్తుంది. మీలాగే చదువుతున్న ఫ్రెండ్ ఒక్కరితో రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు మాట్లాడి, ఒకరినొకరు బయాలజీ ప్రశ్నలు ఐదేసి అడుక్కోండి. ఒక్కరు చాలు, గ్రూప్ పెడితే కబుర్లలోకి పోతుంది. వీధిలో ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఉంటే వారానికోసారి ఒక టాపిక్ చెప్పండి. మెండెల్ నియమాలు ఇంకొకరికి చెప్పినవాళ్లు వాటిని మర్చిపోరు.

పై మాటలన్నీ విసుగు గురించి. నిద్ర వారాల తరబడి పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, బతకడం దేనికి అన్న ఆలోచనలు రావడం, ఇవి విసుగు కిందకి రావు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. చెప్పలేకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, డబ్బులు అక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఇలా చదివే పిల్లలున్న ఇంటి పెద్దలు మీరైతే ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ స్ట్రీమ్‌కి కూడా అప్లై చేసి పెట్టుకోండి. సబ్జెక్టులు అవే, నెగెటివ్ మార్కులు లేవు, బీఎస్సీ అగ్రికల్చర్, బీఫార్మసీ లాంటి దారులు తెరిచి ఉంటాయి. వేరే దారి పెట్టుకుంటే పట్టుదల తగ్గుతుందని కొందరంటారు. నేను చూసినంతలో దానికి విరుద్ధంగానే జరుగుతుంది. ఇది పోతే అంతా పోయినట్టే అనుకునేవాళ్లకే పేపర్ ముందు చేతులు వణుకుతాయి.

చివరి నెల

ఏప్రిల్‌లో కొత్త పుస్తకం, కొత్త టెస్ట్ సిరీస్, కొత్త సార్ ఎవరూ వద్దు. ఎర్రర్ బుక్, ఎన్‌సీఈఆర్‌టీ, రెండింటికి మొదలయ్యే టెస్టులు, అంతే. మిగిలిపోయిన చాప్టర్లలో తరచూ ప్రశ్నలు వచ్చేవి రెండు మూడు తీసుకుని, మిగతావి వదిలేస్తున్నానని గట్టిగా చెప్పుకుని వదిలేయండి. మధ్యాహ్నం కునుకు పూర్తిగా మానేయండి, రాత్రి పదిన్నరకల్లా పడుకోండి. సెంటర్ వేరే ఊళ్లో పడితే ముందు రోజే వెళ్లి దారి చూసుకోండి, గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు. ఆ సాయంత్రం ఎర్రర్ బుక్ ఒక గంట తిరగేసి, అడ్మిట్ కార్డు, ఫొటోలు, ఐడీ కార్డు ఒక కవర్‌లో పెట్టి నాన్న చేతికివ్వండి.